ఊరూ పేరూ: గజ్వేల్ ప్రాంత నేపథ్యంలో నిత్యజీవిత ఆత్మభావన – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అనామకుణ్ణి తెలుగులో 'ఊరూ పేరూ లేనివాడు' అంటారు. ఒక మనిషిని మనిషిగా గుర్తించడానికి భాష ఎంచుకున్న రెండు ఆధారాలు ఈ నానుడిలో ఉన్నాయి. కొత్తవాడు ఎదురైతే తెలంగాణ పల్లెలో మొదట అడిగే ప్రశ్నలు కూడా ఈ రెండే. 'ఏ ఊరు మీది?' అన్నది ఒకటి, 'ఏం పేరు?' అన్నది మరొకటి. ఈ ప్రశ్నలకు ఒక వ్యక్తి ఏ మాటతో, ఏ గొంతుతో జవాబు చెబుతాడో, చెప్పేటప్పుడు తలెత్తుతాడో దించుకుంటాడో, అక్కడ అతని ఆత్మభావన బయటపడుతుంది.

తెలంగాణ సాహిత్య విమర్శలో 'ఆత్మగౌరవం' విస్తృతంగా వాడిన పారిభాషిక పదం. అయితే ఆ వాడుక ఎక్కువగా సామూహికం. ప్రాంతం, భాష, కులం, ఉద్యమం అనే పెద్ద పాదుల్లో ఆ పదం పెరిగింది. 1982లో ఏర్పడిన తెలుగుదేశం పార్టీ 'తెలుగువారి ఆత్మగౌరవం' అనే నినాదంతో ఎన్నికలకు వెళ్ళింది. రెండు దశాబ్దాలు గడవకముందే తెలంగాణ ఉద్యమం అదే పదాన్ని ఆ ఉమ్మడి గౌరవభావనకు ఎదురుగా నిలిపింది. పరస్పర విరుద్ధమైన రెండు రాజకీయ సందర్భాలకు ఒకే మాట సరిపోయిందంటే, ఆ మాట సూచించే అనుభవాన్ని దైనందిన జీవితంలో వెతకవలసిన అవసరం మిగిలే ఉన్నదని అర్థం. ఆ వెతుకులాటను గజ్వేల్, దాని పరిసర ప్రాంతాల సాహిత్య, సామాజిక సందర్భాలకు పరిమితం చేసి, పేరు, పిలుపు, ఊరు అనే మూడు అంశాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావన: 'ఇజ్జత్' నుంచి 'ఆత్మగౌరవం' వరకు

ఆత్మగౌరవాన్ని మనోవిజ్ఞానశాస్త్ర పరిధిలోకి తెచ్చినవారిలో విలియం జేమ్స్ ముఖ్యుడు. 1890లో వెలువడిన మనోవిజ్ఞానశాస్త్ర సూత్రాల గ్రంథంలో ఆయన దానిని ఒక నిష్పత్తిగా చెప్పాడు. మనిషి సాధించినదాన్ని అతను ఆశించినదానితో భాగిస్తే వచ్చేది ఆత్మగౌరవమని ఆ సూత్రం సారం. 1902లో చార్లెస్ హోర్టన్ కూలీ, ఎదుటివారి చూపు అనే అద్దంలో మనిషి తనను తాను చూసుకుంటాడని ప్రతిపాదించాడు. 1950లలో ఎర్వింగ్ గోఫ్‌మన్ నిత్యజీవితాన్ని రంగస్థలంగా భావించి, మనిషి ఇతరుల ముందు తనను తాను ప్రదర్శించుకునే తీరును వివరించాడు.

ఈ ప్రతిపాదనలకు తెలుగు వాడుకలో సమాంతరాలు లేకపోలేదు. 'నలుగురిలో తలెత్తుకోవడం', 'మొఖం చెల్లకపోవడం', 'పేరు నిలబెట్టడం' వంటి పలుకుబళ్ళన్నీ ఎదుటివారి చూపును ఆధారం చేసుకున్నవే. గజ్వేల్ ప్రాంతపు వాడుకలో ఈ అనుభవానికి ఉన్న మాట 'ఇజ్జత్'. ఉర్దూ నుంచి వచ్చి పల్లె తెలుగులో పూర్తిగా కలిసిపోయిన ఈ మాట ఎప్పుడూ క్రియతోనే కనిపిస్తుంది. ఇజ్జత్ ఉంటుంది, పోతుంది, తీస్తారు, కాపాడుకుంటారు. 'ఆత్మగౌరవం' అనే సంస్కృత సమాసంలో గౌరవానికి నిలయం ఆత్మ. 'ఇజ్జత్' ఇద్దరు మనుషుల నడుమ ఉంటుంది. ఒకరు తీయగలిగితేనే మరొకరికి పోతుంది. సాహిత్య విమర్శ మొదటి పదాన్ని స్వీకరించి రెండవదాన్ని పాత్రల సంభాషణలకు వదిలివేసింది. ఫలితంగా ఉద్యమ గీతాల్లోని గౌరవం చర్చకు వచ్చినంతగా, వాకిట్లో, అంగడిలో, కచేరీ మెట్ల మీద పోయిన గౌరవం చర్చకు రాలేదు.

'నీ బాంచెన్': ప్రత్యయంలో మిగిలిన 'నేను'

ఆత్మభావనను గుర్తించడానికి తెలుగు భాష ఒక ప్రత్యేక సౌకర్యాన్ని కల్పిస్తున్నది. వాక్యంలో నామపదం విధేయంగా వచ్చినప్పుడు దానికి పురుషబోధక ప్రత్యయం చేరుతుంది. 'నేను కవిని', 'నేను రైతును' అన్న వాక్యాల్లోని 'ని', 'ను' అటువంటివి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఈ లక్షణాన్ని వివరించింది. 'నేను' అనే కర్తను వదిలేసినా 'కవిని' అన్న ఒక్క మాటలో వక్త మిగిలే ఉంటాడు. కనుక తెలుగు వక్త తనను ఏ నామంతో కలిపి చెప్పుకుంటాడన్నది వ్యాకరణ విషయంతో పాటు ఆత్మభావనకు సంబంధించిన విషయం కూడా.

ఈ దృష్టితో చూస్తే, దొరల కాలపు తెలంగాణలో నిత్యవ్యవహారంగా ఉన్న 'నీ బాంచెన్' అనే పలుకుబడి మరింత స్పష్టమవుతుంది. బాంచ అంటే దాసి, దాసుడు. 'బాంచెన్' లోని చివరి 'న్'ను ఉత్తమపురుష ప్రత్యయపు రూపంగా అన్వయించుకోవచ్చు. అంటే ఈ పలుకుబడిలో వక్త పేరు లేదు, ఊరు లేదు, 'నేను' అన్న మాట కూడా లేదు. వక్త ఉనికికి మిగిలిన గుర్తు ఒక పొల్లు హల్లు మాత్రమే. ఆ హల్లు కూడా 'నీ' అనే ఎదుటివాడి సర్వనామానికి అధీనమై ఉన్నది.

ఇది కేవలం మర్యాదపూర్వకమైన అలవాటు మాటేనని, పలుమార్లు వాడటం వల్ల అర్థం అరిగిపోయిన పదబంధాన్ని ఇంత లోతుగా చదవడం అతివ్యాఖ్య అవుతుందని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో కొంత నిజం ఉన్నది. ప్రతి సందర్భంలోనూ వక్త ఆ మాటను నమ్మే పలికాడని చెప్పలేము. కానీ అలవాటుగా మారడమే ఇక్కడ ముఖ్యం. ఒక మనిషి తనను తాను తగ్గించుకున్నాననే స్పృహ లేకుండానే రోజుకు పలుమార్లు తగ్గించుకోగలగడం వెట్టి వ్యవస్థ సాధించిన ఫలితం. పేర్లలోనూ ఇదే జరిగింది. మల్లయ్య ఒకరి నోట 'మల్లిగాడు', ఎల్లమ్మ 'ఎల్లి' అయ్యారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, ఊరు పిలిచే పేరు మరొకటి. ఈ రెంటి నడుమ దూరమే ఆ మనిషికి నిత్యం ఎదురయ్యే ఇజ్జత్ కొలమానం.

'కవిని': గోలకొండ కవుల సంచిక

నిజాం రాజ్యంలో తెలుగువారి ఆధునిక చైతన్యానికి మూలంగా చెప్పే సంఘటన కూడా ఒక నిత్యజీవిత అవమానమే. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభలో కొందరు ఎగతాళి చేశారు. ఆ రాత్రే కొద్దిమంది తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. అదే క్రమంలో 1930లో ఉమ్మడి మెదక్ జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగింది. గజ్వేల్ అప్పటికి అదే జిల్లాలో భాగం.

తెలంగాణలో కవులు పూజ్యమన్న ముడుంబై వేంకటరాఘవాచార్యుల వ్యాఖ్యకు జవాబుగా 1934లో ప్రతాపరెడ్డి వెలువరించిన గోలకొండ కవుల సంచికను సాధారణంగా ప్రాంతీయ ఆత్మగౌరవ ప్రకటనగా చదువుతారు. అందులో 354 మంది కవులున్నారు. అయితే ఆ సంచిక జవాబు చెప్పిన పద్ధతిని ప్రత్యేకంగా గమనించాలి. ప్రతాపరెడ్డి ఖండన వ్యాసంతో సరిపెట్టుకోలేదు. ఆయన పేర్లు పోగుచేశారు. కవుల పేర్లతో పాటు వారి ఊళ్ళు కూడా నమోదయ్యాయి. 'ఊరూ పేరూ లేని' ప్రాంతమన్న ఆరోపణకు ఊళ్ళతోనూ పేర్లతోనూ బదులిచ్చిన గ్రంథం ఇది. సంచికలోని ప్రతి కవీ, పద్యం ఏ విషయం మీద రాసినప్పటికీ, 'కవిని' అనే ప్రకటనను మౌనంగా చేస్తున్నాడు. 'బాంచెన్' అన్న మాటలో ఉన్న ప్రత్యయం ఇక్కడ మరొక నామానికి చేరింది.

సంచిక పరిమితి కూడా ఈ కోణం నుంచే తెలుస్తుంది. అది ప్రధానంగా పద్యకవుల సంకలనం. అక్షరం, ఛందస్సు, పత్రికతో పరిచయం ఉన్నవారికే ఆ పట్టికలో ప్రవేశం దొరికింది. ఒగ్గుకథకులు, శారదకాండ్రు, బతుకమ్మ పాటలు కట్టిన స్త్రీలు తమను తాము 'కవిని' అని చెప్పుకొనే వేదిక అది కాలేకపోయింది. బయటివారి చూపులో తక్కువైన గౌరవాన్ని సంచిక తిరిగి తెచ్చింది. ఊరి లోపల ఒకరి చూపులో మరొకరికి తక్కువైన గౌరవం దాని పరిధిలోకి రాలేదు. కాళోజీ తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టినప్పుడు ఆ 'నా'లో సామాన్యుడికి కొంత చోటు ఏర్పడింది. పట్టికలో లేని ఆ మనుషుల గొంతు పూర్తిస్థాయిలో వేదికనెక్కడానికి మరో తరం పట్టింది.

విఠల్ నుంచి గద్దర్: పేరు మార్పు, వేషం

గజ్వేల్ శాసనసభ నియోజకవర్గంలో భాగమైన తూప్రాన్‌లో 1949లో ఒక దళిత కుటుంబంలో జన్మించిన గుమ్మడి విఠల్ రావు, లోకానికి గద్దర్‌గా తెలుసు. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గజ్వేల్ సిద్దిపేట జిల్లాలోకి వెళ్ళగా తూప్రాన్ మెదక్‌లోనే ఉండిపోయింది. పాలనాపరమైన ఈ గీత రెండు ఊళ్ళ మాటకూ పాటకూ ఉన్న సామీప్యాన్ని చెరపలేదు.

గద్దర్ పేరును 1913లో ప్రవాస భారతీయులు అమెరికాలో స్థాపించిన గదర్ పార్టీతో ముడిపెట్టి చెబుతారు. ఉర్దూలో 'గదర్' అంటే తిరుగుబాటు. అదే భాషలో దీర్ఘంతో పలికే 'గద్దార్' అంటే ద్రోహి. ఉర్దూ నిత్యం వినిపించే తెలంగాణలో ఈ రెండు ధ్వనులూ ఆ పేరు చుట్టూ తిరుగుతాయి. పాలకుడు ద్రోహమనేదాన్ని పాలితుడు తిరుగుబాటు అంటాడు. కులం, ఇంటిపేరు, తండ్రి ఆశ మూడూ కలిసిన 'గుమ్మడి విఠల్ రావు' అనే పేరు స్థానంలో, వంశంతో సంబంధం లేని ఒక క్రియావాచక నామం వచ్చి చేరింది. ఈ పేరు వారసత్వంగా రాలేదు, పని వల్ల వచ్చింది. జేమ్స్ చెప్పిన నిష్పత్తిలో ఆశను తగ్గించుకోవడం ద్వారా కూడా ఆత్మగౌరవం పెరగవచ్చు. ఇక్కడ ఆ దారి పట్టలేదు. ఆశించే వ్యక్తి పేరే మారింది.

వేషం విషయంలోనూ ఇదే జరిగింది. గోచీ, గొంగడి, చేత కర్ర, కాళ్ళకు గజ్జెలు అన్నవి ఆయన వేదికా రూపానికి గుర్తులు. గోఫ్‌మన్ దృష్టిలో మనిషి వేదిక మీదికి తన మెరుగైన రూపాన్ని తెస్తాడు, చూపదగనిదాన్ని తెర వెనుక ఉంచుతాడు. ఇంజనీరింగ్ చదువుకు వెళ్ళి, బ్యాంకు ఉద్యోగం చేసిన వ్యక్తి వేదిక మీద ధరించినది కూలివాడి గోచీ, గొల్ల కుర్మల గొంగడి. అంటే సమాజం తెర వెనుక ఉంచమన్నది ముందుకు వచ్చింది. దొర వాకిట్లో తలపాగా తీసి, గొంగడి చంకన పెట్టుకొని వంగిన శరీరం అదే గొంగడితో వేదిక మీద నిటారుగా నిలిచింది. గొంగడి మారలేదు. దాన్ని చూసే చోటు, చూసేవారు మారారు. ఈ మార్పును చూసిన ప్రేక్షకుడు ఇంటికి వెళ్ళి తన గొంగడిని మునుపటిలా చూడలేడు. పాట కన్నా ముందు వేషమే శ్రోత ఆత్మభావన మీద పనిచేసిందనడానికి ఇది ఆధారం.

పిలుపుల దిశ కూడా మారింది. 1979లో నిర్మితమైన 'మా భూమి' చిత్రంలో గద్దర్ వేదిక మీద పాడిన బండి యాదగిరి పాట పాలకుణ్ణి సంబోధించే తీరు ఇందుకు ఉదాహరణ. పైనుంచి కిందికి విసిరే 'ఓడు' ప్రత్యయం ఆ పాటలో కిందినుంచి పైకి వెళ్ళింది. మరోవైపు గద్దర్ పాటలోని లచ్చుమమ్మ ఒక గౌరవవాచకంతో నిలబడుతుంది. ఆయన తల్లి పేరు కూడా లచ్చుమమ్మే. 'లచ్చి' కాకుండా 'లచ్చుమమ్మ' అని వేలమంది ముందు పలకడం వల్ల పిలుపులో పోయిన ఇజ్జత్ పిలుపులోనే తిరిగి వచ్చింది.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. గద్దర్ అనే పేరు ఎంత పెద్దదైతే విఠల్ అనే వ్యక్తి అంతగా కనిపించకుండా పోయాడు. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు సమాజం తలచుకున్నది ఆ పేరునే. సామూహిక గౌరవానికి ప్రతీకగా మారిన వ్యక్తికి తనదైన సందేహం, అలసట, మార్పు చెందే హక్కు ఎంతవరకు మిగులుతాయన్న ప్రశ్నను ఆయన మీద వచ్చిన ప్రశంసా విమర్శలు రెండూ పెద్దగా పట్టించుకోలేదు.

ఊరు నీరైన చోట: ముట్రాజ్‌పల్లి

పేరు తరువాతది ఊరు. సిద్దిపేట ప్రాంతానికి చెందిన నందిని సిధారెడ్డి ప్రసిద్ధ గీతం 'నాగేటి సాల్లల్ల నా తెలంగాణ'లో తెలంగాణకు ముందు 'నా' చేరింది. నాగలి చాలు అనే అతి చిన్న, అతి దగ్గరి స్థలం నుంచి మొదలై ఆ మమకారం ప్రాంతమంతటికీ వ్యాపిస్తుంది. ఉద్యమకాలపు పాటల్లో అధిక భాగం ఈ క్రమాన్నే అనుసరించింది. చాలు, చెలక, చెరువు, ఊరు, ఆ తరువాత తెలంగాణ. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. ఉద్యమ పార్టీ నాయకుడు గజ్వేల్ నుంచి శాసనసభ్యుడై తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పాటల్లోని చివరి మెట్టు రాజకీయంగా సిద్ధించింది.

అదే ప్రాంతంలో ఆ క్రమానికి మొదటి మెట్టే లేకుండా పోయిన సందర్భం మల్లన్నసాగర్. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో 50 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించి 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించిన ఈ జలాశయం కింద తొగుట, కొండపాక మండలాల్లోని ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, ఎర్రవల్లి, సింగారం గ్రామాలు మునిగాయి. నిర్వాసితుల్లో అధికులకు గజ్వేల్ పక్కనున్న ముట్రాజ్‌పల్లి వద్ద పునరావాసం కల్పించారు. వేలాది ఎకరాలకు నీరు అందించే లక్ష్యం ఒకవైపు, భూసేకరణ పద్ధతి మీద నడిచిన ఉద్యమాలు, న్యాయ వివాదాలు మరొకవైపు విస్తృతంగా చర్చకు వచ్చాయి. పరిహారం న్యాయాన్యాయాలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఊరు పోయిన మనిషి తనను తాను ఏ నామంతో చెప్పుకుంటాడన్నదే ఇక్కడి ప్రశ్న.

పాలనావ్యవస్థ అతనికి కొన్ని నామాలను ఇచ్చింది. నిర్వాసితుడు, ముంపు బాధితుడు, ప్రభావిత కుటుంబం అన్నవి అవి. అతను నివసించే చోటు పేరు 'ఆర్ అండ్ ఆర్ కాలనీ'. 'వేములఘాటోణ్ణి' అన్న మాటలో 'ణ్ణి' ఎంత సహజంగా ఇమిడిందో, 'నిర్వాసితుణ్ణి' అన్న మాటలో అంత సహజంగా ఇమడదు. మొదటిది పుట్టుకతో వచ్చిన మాట, రెండవది దరఖాస్తు రాసేటప్పుడు వచ్చిన మాట. వ్యాకరణం రెంటినీ అంగీకరిస్తుంది. నిత్యవ్యవహారం మాత్రం అంగీకరించలేదనడానికి సాక్ష్యం, కాలనీలోని భాగాలను పాత ఊళ్ళ పేర్లతోనే పిలుచుకోవడం. నేల మారినా పేరు వెంట వచ్చింది. 'ఏటిగడ్డ' అంటే ఏటి ఒడ్డు. ఒడ్డును సూచించే పేరున్న ఊరు నీటి అడుగుకు చేరి, ఆ పేరు పట్టణం పక్కన మిగిలింది. పేరుకూ స్థలానికీ ఇంతటి ఎడం ఏర్పడిన చోట, ఆ పేరు చిరునామాగా చేసే పని ముగిసి, జ్ఞాపకంగా చేసే పని మొదలైంది.

ఈ సందర్భంలో 2013 భూసేకరణ చట్టంలోని ఒక నిర్వచనం సాహిత్య విద్యార్థి దృష్టిని కూడా ఆకర్షించేది. వితంతువులు, విడాకులు పొందినవారు, కుటుంబం విడిచిపెట్టిన స్త్రీలు ప్రత్యేక కుటుంబాలేనని అది చెబుతుంది. జీవిత భాగస్వామి ఉన్నా లేకున్నా వయోజనులైన స్త్రీ పురుషులెవరైనా ప్రత్యేక కుటుంబమేనని కూడా అంటుంది. ఊరు 'ఫలానావారి కోడలు'గా మాత్రమే గుర్తించిన స్త్రీని, ఊరు పోయే క్షణంలో చట్టం స్వతంత్ర వ్యక్తిగా లెక్కించడానికి ముందుకు వచ్చింది. గుర్తింపు దొరకడం, ఆధారం పోవడం ఒకే కాగితం మీద జరగడం ఈ స్థితిలోని వైరుధ్యం.

స్త్రీ విషయంలో ఊరు మొదటినుంచీ రెండు ముక్కలు. తల్లిగారి ఊరు ఒకటి, అత్తగారి ఊరు మరొకటి. అత్తవారింట కోడలిని ఆమె పుట్టినూరి పేరుతో పిలవడం తెలంగాణ పల్లెల్లో ఉన్న వాడుక. ఈ పిలుపు ఆమె సొంత పేరును మరుగుపరుస్తుంది. స్త్రీవాద విమర్శ దీన్ని అస్తిత్వ నిరాకరణగా చూడటం న్యాయమే. కానీ మునిగిన ఊళ్ళ విషయంలో ఈ పిలుపుకు మరొక అర్థం వచ్చి చేరింది. వేములఘాట్‌లో పుట్టి మరో ఊరికి కోడలిగా వెళ్ళిన స్త్రీని అక్కడ ఊరి పేరుతోనే పిలుస్తున్నంతకాలం, పటంలో లేని ఊరు ఒక మనిషి పిలుపులో ఉంటుంది. ఆమె పేరును దాచిన అలవాటే ఆమె ఊరును కాపాడుతున్నది. బతుకమ్మకు తల్లిగారింటికి వెళ్ళవలసిన ఆమె ఇప్పుడు వెళ్ళేది ముట్రాజ్‌పల్లికి. ఆమె బతుకమ్మను సాగనంపిన చెరువు పెద్ద జలాశయంలో కలిసిపోయింది.

తెలుగు సాహిత్యంలో నిర్వాసిత జీవిత చిత్రణను విమర్శ ఇప్పటివరకు ప్రధానంగా అభివృద్ధి, విధ్వంసం అనే జంట పదాలతో వ్యాఖ్యానించింది. ఆ చట్రంలో నిర్వాసితుడు వేదన పడేవాడిగానో పోరాడేవాడిగానో మాత్రమే కనిపిస్తాడు. రేషన్ దుకాణంలో, బడిలో పిల్లవాణ్ణి చేర్పించేటప్పుడు, పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు 'ఏ ఊరు మీది?' అన్న ప్రశ్నకు ఒక క్షణం తడబడే మనిషి ఆ చట్రానికి చిక్కడు. గజ్వేల్ ప్రాంతం నుంచి రాబోయే రచనలను చదవడానికి ఆ తడబాటును గుర్తించగల విమర్శ పద్ధతి అవసరం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి. తెలుగు వక్త ఆత్మభావన ఉత్తమపురుష ప్రత్యయం ఏ నామానికి చేరుతుందన్న దాని మీద ఆధారపడి వ్యక్తమవుతుంది. 'బాంచెన్', 'కవిని', 'గద్దర్‌ను', 'వేములఘాటోణ్ణి', 'నిర్వాసితుణ్ణి' అన్న రూపాలు నూరేళ్ళ తెలంగాణ చరిత్రలో ఆ ప్రత్యయం చేసిన ప్రయాణాన్ని సూచిస్తున్నాయి. వీటిలో కొన్ని నామాలను మనిషి ఎంచుకున్నాడు, కొన్ని అతనికి అంటగట్టారు. నామాన్ని ఎంచుకోగలిగే స్థితినే నిత్యజీవితంలో ఆత్మగౌరవంగా భావించవచ్చు. ఎదుటివారి గుర్తింపు దానికి అవసరమే గాని చాలదు. గోలకొండ కవుల సంచికకు, గద్దర్ పాటకు దక్కిన గుర్తింపు, ఆ రెంటిలో చోటు దొరకని నిశ్శబ్దాలను కూడా గుర్తుచేస్తున్నది.

ఆత్మగౌరవ సాధనగా ఏర్పడిన రాష్ట్రంలో, ఆ సాధనకు ప్రతీకగా నిలిచిన నియోజకవర్గంలోనే, కొన్ని వేల కుటుంబాలకు 'ఏ ఊరు మీది?' అన్న ప్రశ్న జవాబు చెప్పడం కష్టమైన ప్రశ్నగా మారింది. సామూహిక గౌరవం సిద్ధించిన మాత్రాన వ్యక్తి గౌరవం దానంతట అదే సిద్ధించదని ఈ సందర్భం స్పష్టం చేస్తున్నది. ముట్రాజ్‌పల్లి కాలనీలో పుట్టిన తరానికి పాత ఊరు తెలియదు. వారు పెరిగి తమ కథను తాము రాసుకునేటప్పుడు ఏ ఊరి పేరుకు 'ని' చేర్చుకుంటారన్నది భవిష్యత్ పరిశోధకులు గమనించవలసిన విషయం.